నేల నునుపు – తుంటికి ముప్పు

తిరుపతి, చిత్తూరు పట్టణాలలో కొత్త ఇల్లు కట్టుకొనే గృహస్థులలో చాలామంది నేల అద్దంలా మెరవాలని కోరుతున్నారు. స్నానాల గదికి ఆ మెరుపు హితకరం కాదని నా అభిప్రాయం.

తలంటు మన ఇళ్లలో తరతరాల ఆచారం. అభ్యంగనం వాతాన్ని శమింపజేస్తుందని నమ్మకం. అయితే నువ్వులనూనె అంటిన పాదం తడిసిన నున్నని టైలుపై నిలవదు. వార్ధక్యంలో ఎముకలు బలహీనపడతాయి. ఒక్కసారి జారిపడినా తుంటి ఎముక విరిగి మంచం పట్టే ప్రమాదముంది.

కనుక హాలులో ఏది పరిపించినా, స్నానాల గదికీ, పెరటికీ, మెట్లకూ గరుకు నేలే శ్రేయస్కరం. పొరుగు జిల్లా కడప బండను పాలిష్ పట్టించకుండా వేయించవచ్చు. కుప్పం ప్రాంతపు గ్రానైటును మంటతో గరుకు చేయించినా పాదానికి పట్టు దొరుకుతుంది. టైల్సే కావాలంటే మెరుపులేని గరుకు రకం ఎంచుకోవాలి. నీరు నిలవకుండా తూము వైపు వాలు ఉంచాలి.

ఇప్పటికే నున్నని నేల ఉన్నవారు చేతి ఆసరాకు గోడకు కమ్మీ బిగించుకోవాలి. తలంటు ముగియగానే నేలపై జిడ్డును కుంకుడు రసంతో రుద్ది కడగాలి.

కొనేముందు నమూనా పలకపై నీళ్లు చల్లి, ఇంటి పెద్దలను చేయి పట్టుకొని దానిపై నిలబెట్టి చూడండి. వారి పాదం నిలిచినదే కొనండి.