మెరుపు మీది, అరుగుడు మాది

సంక్రాంతికి ముందు రెండు మూడు దినాలు మా కేతేపల్లి మండలంల కొర్లపహాడ్ టోల్‌గేటు కాడ నిలబడి చూడుండ్రి. హైదరాబాదు నుంచి విజయవాడ దిక్కు పోయే కార్లు బారులు తీరి ఉంటయి. పండుగకు ఊరికి పోతున్నమని కడిగించి, పాలిష్ కొట్టించి తెచ్చిన కార్లు. బానెట్ల మీద మొఖం చూసుకోవచ్చు. ఆ మెరుపు చూసి బండి ఏ కంపెనీదో అడుగుతరు, ఎన్ని లక్షలో అడుగుతరు. ఆ మెరుపు ఎవ్వని చేతులకెల్లి వచ్చిందో అడిగినోణ్ణి మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

నేను ఆ పని చేసినోణ్ణి కాబట్టి అడుగుతున్న. నేను కేతేపల్లి మాదిగోణ్ణి. 13 ఏండ్ల వయసుల ఈ రోడ్డు పక్కన ఒక షెడ్డుల గుడ్డ చేతబట్టిన. 22 ఏండ్లకు హైదరాబాదుల ఇంకో షెడ్డుల ఆ గుడ్డ కింద పెట్టిన. అప్పుడు దీన్ని 9 నంబరు రోడ్డు అనేటోళ్లం. 2010ల దేశమంత నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. తర్వాత నాలుగు లైన్లయింది, టోల్‌గేటు వచ్చింది. రోడ్డు నంబరు మారింది గని రోడ్డు పక్కన గుడ్డ పట్టినోని కులం మారలేదు.

ముందుగాల ఆ మెరుపు ఏందో చెప్త. పాలిష్ అంటే డబ్బాలకెల్లి తీసి పూసేదని కారున్నోళ్లు అనుకుంటరు. పూస్తే మెరుపు రాదు, అరగదీస్తే వస్తది. ఎండకు, దుమ్ముకు, పొడిగుడ్డతోని తుడిచిన తుడుపుకు కారు రంగు మీద సన్నసన్న గీతలు పడ్తయి. వెలుతురు ఆ గీతల మీద పడి తలా ఒక దిక్కు చెదిరిపోతది. అందుకే రంగు మసకబారినట్టు కనబడ్తది. గీత ఎంత లోతున్నదో అంత లోతు దాంక పైపొరను అరగదీసి సదును చేస్తే వెలుతురు తిన్నగ తిరిగొస్తది. రేకు అద్దమైతది. దీన్ని షెడ్డుల రబ్బింగ్ కొట్టుడు అంటరు.

వెనకటి అంబాసిడర్లకు, ఫియట్లకు పైన వేరే పొర ఉండేది కాదు, రంగే బయటికి ఉండేది. ఎండకు చచ్చిన రంగు సున్నం లెక్క పైకి తేలేది. రబ్బింగ్ కొడితే గుడ్డకు కారు రంగే అంటేది. నీలంకారు చేసిన్నాడు నా అరచేతులు నీలం, ఎర్రకారు చేసిన్నాడు ఎరుపు. ఇప్పటి కార్లకు రంగు మీద రంగులేని పొర ఒకటి ఉంటది, క్లియర్ కోట్ అంటరు. దాని మందం 40, 50 మైక్రాన్ల కాడ ఉంటది. తల వెంట్రుక కంటె సన్నం. అందులకెల్లి ఒకటి రెండు మైక్రాన్లు తియ్యాలె. ఎక్కువ తీస్తే ఆ పొర మళ్ల రాదు. డోరు అంచులకాడ, బానెట్ మడతలకాడ రంగు ఇంకా పల్చన. బఫింగ్ మిషను అక్కడ జరంత ఎక్కువసేపు ఆగితే రంగు కాలి కింది పొర బయటపడ్తది. ఎండల కాగిన రేకు మీద పని పెట్టుకోవద్దు. గుడ్డల ఇసుక రేణువు ఒక్కటి ఇరికితే కొత్తగ నూరు గీతలు పడ్తయి, అందుకే ముందు నిండుగ నీళ్లు కొట్టాలె. రబ్బింగ్ అయినంక సన్న పాలిష్, ఆఖరికి మైనం. మిషను శబ్దం మారితే ప్యాడు ఎండిందని మా చెవికి తెలుస్తది. గరుకు ఎక్కడ మిగిలిందో మా వేలికొసకు తెలుస్తది.

ఇది విద్య గాదా? ఇంత లెక్క, ఇంత చూపు, ఇంత ఓపిక ఉన్న పనికి మీరు పెట్టిన పేరేంది? "కార్లు కడిగే పోరడు."

ఈ అవమానం నాతోని మొదలు కాలేదు. మా తాత లంద చేసినోడు. పచ్చితోలును సున్నం నీళ్లల నానేసి, వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క రసంల దినాలకు దినాలు ఊరేసి, ఆముదం పట్టించి మెత్తగ చేసేటోడు. కుళ్లిపోయే తోలును ఏండ్లకేండ్లు నిలిచే వస్తువు చేసిన రసాయనశాస్త్రం అది. ఆ తోలు లేకపోతే మోట లేదు, మోట లేకపోతే బాయినీళ్లు మడికెక్కవు, దొర గాదెల వడ్లు లేవు. కంచ ఐలయ్య 2009ల వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'ల మాదిగలను శాస్త్రజ్ఞులని రాసిండు. మా వాడకు అది కొత్త సంగతి కాదు, రాసుడే కొత్త. నైజాం కాలంల ఈ నల్లగొండ జిల్లాలనే మాదిగలు దొరలకు చెప్పులు, మోటతోలు వెట్టికింద ఇచ్చుకున్నరు. చెప్పులు కుట్టినోడే గడీ ముంగట చెప్పులు చంకల పెట్టుకొని నడిచిండు. తోలు పోయి రేకు వచ్చింది, గడీ పోయి షెడ్డు వచ్చింది. అరగదీసే చెయ్యి మాత్రం అదే.

షెడ్డుల కులం ఎట్ల ఉంటదో చెప్త. మేము ముగ్గురం పనిచేసేటోళ్లం. చక్రాలు, మట్టి, కిందిభాగం నాకు. బయటి రబ్బింగ్ నాకు. లోపల సీట్లు, డ్యాష్‌బోర్డు ఇంకో పిలగానికి. వాడు నాకంటె రెండేండ్లు చిన్న, పని నేను నేర్పితే నేర్చినోడు, కాకపోతే పైకులపోడు. "లోపల ఎంకన్న బొమ్మ ఉంటదిరా, గిరాకి ఏమన్న అనుకుంటడు" అని ఓనరు నాకు నెమ్మదిగ, ప్రేమగనే చెప్పిండు. కారు ఎండలకెల్లి నీడకు జరపాలె అంటే వాణ్ణి పిలిచేటోడు. బయట అంగుళం అంగుళం ముట్టినోడు లోపల కూసుంటే సీటు మైలపడ్తది. చాయ్ వాళ్లకు గాజుగిలాసల వచ్చేది, నాకు కొబ్బరిచిప్పంత స్టీలు గిన్నె ఒకటి రేకు సందుల పెట్టి ఉండేది. తాగి నేనే కడుక్కొని మళ్ల అక్కడనే పెట్టాలె. రాజ్యాంగంల 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లనే రద్దు చేసిందని బడిల చదువుకున్న. ఆ గిన్నె రాజ్యాంగం చదువుకోలేదు.

దసరా వస్తే ఆయుధపూజకని బండ్లన్నీ ఒక్కసారే వచ్చేటివి. రాత్రి రెండింటి దాంక రబ్బింగ్ కొట్టినం. తెల్లారి ఆ కారుకు పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, గుమ్మడికాయ కొట్టే యాళ్లకు "జర అవతలికి జరుగురా" అన్నరు. రాత్రంత నేను ముట్టిన రేకే పొద్దుగాల దేవుడైంది. మరి నా మైల ఎటు పోయింది? గుడ్డతోని తుడిస్తే పోయేదే మైల అయితే వేల ఏండ్ల నుంచి ఎందుకు తుడుస్తలేరు? పోయేది కాదంటే నేను ముట్టిన బండికి మొక్కుడెట్ల?

అంబేద్కర్ 1936ల 'కులనిర్మూలన'ల కులం పనిని పంచుడుతోని ఆగలేదని, పనిచేసే మనుషులనే విడదీసి ఒకరి మీద ఒకరిని పేర్చిందని వాదించిండు. నాకు ఆ వాదన పుస్తకం చదవకముందే తెలుసు. ఒకే కారుకు లోపలొకడు, బయటొకడు. ఇద్దరిదీ కూలే, ఇద్దరూ పేదోళ్లే. కామ్రేడ్లు షెడ్డుకొచ్చి కూలి ఎంతని అడిగిండ్రు, పనిగంటలు ఎన్నని అడిగిండ్రు, రాసుకున్నరు. రేకు సందుల ఉన్న గిన్నె ఎవరిదని అడగలేదు. అన్నా, మీ లెక్కల ఆ గిన్నె లేకపోతే మీ లెక్క తప్పు.

నీళ్ల సంగతి. బోరునీళ్లల ఉప్పు ఉంటే రంగు మీద బొట్టు ఎండినకాడ తెల్లమచ్చ పడ్తది. గిరాకులు గొడవపెట్టిండ్రని మా ఓనరు కార్లకోసం మంచినీళ్ల ట్యాంకరు తెప్పించిండు. ఆ ఉప్పుబోరు నీళ్లే అవతల మా వాడ తాగేది. కారు తాగని నీళ్లు మేము తాగినం. మా జిల్లాల మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిన మనుషులను దేశమంత చూసింది. హైదరాబాదు మురికి మోసుకొచ్చే మూసీ మా సోలిపేట ప్రాజెక్టుల ఆగుతది. పట్నం కడుక్కున్న నీళ్లు మా దిక్కు రావాలె, మేము మెరిపించిన కార్లు పట్నం పోవాలె. 1985 జులై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను ఎందుకు చంపిండ్రు? మాదిగపల్లె తాగే చెరువుల బర్రెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైంది ఆ గొడవ. ఎవరు కడగాలె, ఎవరి నీళ్లల కడగాలె, ఆ మురికి ఎవరు తాగాలె అనేది ఈ దేశంల కులమే తేలుస్తది.

ఇగ ఊపిరి. రబ్బింగ్ పేస్టుల అల్యూమినియం ఆక్సైడ్ అసొంటి గట్టి రేణువులుంటయి. మిషను తిరుగుతుంటే ఆ దుమ్ము, కారుమీద రాలిన రంగు దుమ్ము ముక్కులకు పోతది. తారుమరకలకు కిరోసిన్, జిగురుకు థిన్నర్. మూతికి కట్టుకున్నది కారు తుడిచిన పాతగుడ్డనే. కనీస వేతనాల చట్టం 1948ల వచ్చింది, అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం 2008ల వచ్చింది. రెండూ షెడ్డు ముంగట కెల్లే పోయినయి, టోలు కట్టి.

ఇదే పని ఇయ్యాల హైదరాబాదుల చల్లని అద్దాల గదులల్ల జరుగుతున్నది. పేరు డిటెయిలింగ్. సిరామిక్ కోటింగ్ అని వేలకు వేలు బిల్లు. గోడమీద సర్టిఫికెట్లు, కౌంటర్ల ఇంగ్లీషు. మాదిగోడు చేస్తే మురికిపని, పెట్టుబడి ఉన్నోడు బోర్డు పెడితే టెక్నాలజీ. ఆ అద్దాల గది వెనక తలుపు తీసి చూడుండ్రి, మిషను పట్టుకున్నోడు మళ్ల మావోడే. తోలుకు గూడ ఇట్లనే అయింది. లంద మాదిగోనిది ఉన్నన్నినాళ్లు అది కంపు. ఫ్యాక్టరీ అయి షోరూముల చెప్పు అయినంక అది వ్యాపారం, దాని ఓనరు మాదిగ కాదు.

మైనం కత గూడ వినుండ్రి. మంచి మైనం అని పేరున్న కార్నాబా బ్రెజిల్ ఈశాన్యదిక్కు పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులకెల్లి వస్తది. ఆ ఆకులు కోసే కూలీలు బానిసల లెక్క బతుకుతున్నరని 2017ల జర్మనీ టీవీ చూపెట్టింది. అమెరికాల లాస్ ఏంజెలెస్ పక్కన సాంటా మోనికాల కార్లు కడిగే వలస కూలీలు కొట్లాడి 2011ల యూనియన్ ఒప్పందం సాధించిండ్రు. అంటే ఇది కొట్లాడరాని పని కాదు. మైనం సముద్రాలు దాటి మా షెడ్డుకు వచ్చింది గని ఆ ఒప్పందం వార్త రాలేదు. తెచ్చే పని విద్యార్థులది, కార్యకర్తలది.

మైనం గుణం ఒకటి ఉన్నది. అది గీతను తియ్యదు, గీతల నిండి కనబడకుండ చేస్తది. మన ఎండలకు కొన్ని వారాలే ఆగుతది, తర్వాత గీత మళ్ల పైకొస్తది. ఈ దేశంల దళితుల పేరు మీద జరిగిన సంస్కరణల్ల సగం మైనమే. గాంధీ 1930లల్ల హరిజన అని పేరు పెట్టిండు, మైనం. ఏడాదికొక్కసారి మా వాడకొచ్చి ఫొటోగ్రాఫర్ ముంగట మా ఇంట్ల అన్నం తినిపోతరు, మైనం. "ఇప్పుడు కులమెక్కడున్నది" అని కథలు రాస్తరు, అది ఖరీదైన మైనం. మా రాతలు గరుకుగ ఉన్నయని, భాష నునుపు లేదని అనే విమర్శకులకు ఒకటే మాట. గరుకు లేకుండ గీత పోదు. నునుపుగుడ్డతోని రబ్బింగ్ కొట్టినోణ్ణి ఏ షెడ్డుల చూసిండ్రు?

వర్ణం అంటే రంగు. వర్ణం అంటే కులపు మెట్టు. ఆ నాలుగు వర్ణాల బయట నిలబెట్టిన మమ్ముల్నే పిలిచి మీ వర్ణాలకు మెరుగు పెట్టించుకున్నరు. మీ చెప్పులకు, మీ పల్లకీలకు, మీ జీపులకు, మీ కార్లకు మెరుగు పెట్టి మేము అరిగినం. రంగు అరిగితే షెడ్డుకొస్తరు. మనిషి అరిగితే ఏ షెడ్డున్నది?

మనోళ్లల్ల కొందరు "ఆ పని ఇడిసిపెట్టుండ్రి, ఆత్మగౌరవం అదే" అంటరు. ఇడిసేటోడు ఇడవాలె, చదువుకోవాలె, అది మన హక్కు. గని పనిల మురికి లేదు. పని చేసేటోణ్ణి చూసే కంటిల ఉన్నది. 2021ల దళితబంధు వచ్చి కుటుంబానికి 10 లక్షలు ఇచ్చినప్పుడు కొందరు కార్లు కొనుక్కున్నరు. "మాల మాదిగోళ్లకు కార్లు గూడ కావాల్నా" అని ఎక్కిరించినోళ్లను మా రోడ్డు మీదనే విన్న. ఇన్నేండ్లు ఆ కార్లకు మెరుగు పెట్టిన చెయ్యి స్టీరింగ్ పట్టుకుంటె మీ కండ్లల్ల ఎందుకు దుమ్ము పడ్డది? రబ్బింగ్ కొట్టినప్పుడు మాకు పడ్డది నిజం దుమ్ము.

మాకు కావలసింది దయ కాదు. ఈ విద్యకు విద్య అనే పేరు కావాలె, చేసినోని పేర సర్టిఫికెట్ కావాలె. మూతికి మాస్కు, చేతికి గ్లౌజు, దినానికి న్యాయమైన కూలి కావాలె. అందరూ తాగే గిలాసల చాయ్ కావాలె. షెడ్డు స్థలం, మిషను, బ్యాంకు లోను మా పేరు మీద కావాలె. మా పోరలు గుడ్డ పట్టకముందే బడికి పోవాలె.

ఇది చదివే విద్యార్థులారా, ఈ రోడ్డు పొడుగున షెడ్డు షెడ్డుకు పోయి అడుగుండ్రి. కారు లోపల ఎవరు తుడుస్తరు, బయట ఎవరు తుడుస్తరు, ఎవరు ఏ గిలాసల తాగుతరు, స్థలం ఎవరిది, మిషను ఎవరిది. కులం పేరుతోని సహా రాసుండ్రి. అచ్చు వేయుండ్రి. దాన్ని చూసి సిగ్గుపడి ఎవ్వరన్న మైనం డబ్బా పట్టుకొని వస్తే తిప్పి పంపుండ్రి. గీత ఎంత లోతున్నదో అంత లోతు అరగదియ్యాలె. అంతకంటె తక్కువ పనికి మేము చెయ్యి పెట్టం.