గుర్రం మొరాయించిన వేళ

పోయిన వైశాఖంలో మా బంధువుల ఇంట పెండ్లికి శివకాశి వెళ్ళివచ్చాము. ఎదుర్కోలు ఊరేగింపుకు వరుడిని గుర్రమెక్కించవలెనని పిల్లలు పట్టుబట్టినారు. మన తాతలనాడు పల్లకీ ఉండేది, తరువాత మోటారుకారు వచ్చింది, ఇప్పుడు సినిమాల పుణ్యమా అని గుర్రం వచ్చింది. సరే, బాడుగకు తెచ్చినారు. పొట్టి జాతి గుర్రం, తెల్లనిది. నొసట కుచ్చు, వీపున జరీ గుడ్డ, చూడ ముచ్చటగానే ఉన్నది. వరుడు ఎక్కినాడు. ముందర తోడిపెండ్లికొడుకంటూ అయిదేండ్ల పిల్లవాడిని కూడ కూర్చోబెట్టినారు.

శివకాశిలో పెండ్లి అంటే టపాకాయలు లేకుండా ఎట్లా? రెండు వీధులు దాటి మూల తిరగగానే అయిదువేల సరం అంటించినారు. గుర్రం నిలిచిపోయింది. సరం అయిపోయింది, పొగ పోయింది, అయినా గుర్రం కదలదు. గుర్రపువాడు కళ్ళెం పట్టి లాగినాడు. వెనుకనుంచి ఒకరు చెర్నాకోలతో అంటించినారు. వరుడు పాపం, పడిపోతానన్న భయంతో పగ్గాలు వెనక్కి లాగి పట్టుకొని, కదలమని మడమలతో డొక్కలో పొడుస్తున్నాడు. "ఇంకొకటి వేయండయ్యా, అదే కదులుతుంది" అని అరచినవారిలో మేమూ ఉన్నాము. దాచి ప్రయోజనం లేదు.

ఇంతలో వరుని తరఫు పెద్దావిడ ఒకరు, "ఎదుర్కోలులో గుర్రం ఆగడం మంచిది కాదు, పిల్ల జాతకం సరిగా చూచినారో లేదో" అన్నారు. మెల్లగానే అన్నారు. కాని ఆ మాట క్షణంలో వధువు తండ్రిగారి చెవిన పడింది. ఆయన ముఖం మేము చూచాము. గుర్రం కాళ్ళు కదలకపోతే ఒక ఆడపిల్ల బ్రతుకంతా మాట పడవలసి వస్తుందని ఆ నిమిషంలో తెలిసింది.

అప్పుడు పక్క ఇంటి అరుగు దిగి ఒక ముసలాయన వచ్చినాడు. వయసులో విరుదునగరులో జట్కా తోలినవాడట. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. "సామీ, ముందు ఆ కోల కింద పడెయ్యమనండి. పెండ్లికొడుకునీ బిడ్డనీ దించండి" అన్నాడు. దించినారు. అతడు గుర్రానికి సూటిగా ఎదురు రాక, భుజం పక్కగా వచ్చి మెడమీద చేయి వేసి కొంతసేపు ఊరకే నిలుచున్నాడు. తరువాత వీపు పొడుగునా అరచేతితో నొక్కుకుంటూ పోయినాడు. ఒక్కొక్క కాలూ ఎత్తి లాడం చూచినాడు. ముందరికాలి వెనుక, కడుపు పట్టీ బిగించేచోటికి చేయి పోనిచ్చేసరికి గుర్రం చెవులు వెనక్కి వాల్చి తోక విసిరింది. గుడ్డ ఎత్తి చూస్తే పట్టీ ఒరుసుకొని రూపాయి బిళ్ళంత పుండు, ఇంకా పచ్చిగా ఉన్నది.

"దీనిమీద పట్టీ బిగించి ఇద్దరిని ఎక్కించినారే, మీరైతే నడుస్తారా సామీ?" అన్నాడు. ఎవరమూ బదులు చెప్పలేదు.

ఆ రాత్రి భోజనాలయినాక అతని అరుగుమీద కూర్చొని విన్నదీ, ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్నదీ కలిపి చెబుతాము. మన పాఠకులలో గుర్రం కట్టుకొన్నవారు అరుదే. కాని పెండ్లికి బాడుగకు తెచ్చేవారూ, కొడైకానల్ చెరువు దగ్గర పిల్లలను గుర్రమెక్కించేవారూ చాలామంది ఉన్నారు.

నిలిచిపోయిన గుర్రానికి ముందు నొప్పి ఉన్నదేమో చూడవలెను. జీను తీసి నడిపిస్తే నడిచి, జీను వేసి మనిషి ఎక్కితే నిలిచే గుర్రానికి బాధ చాలవరకు జీను కిందనే ఉంటుంది. లాడపు మేకు సున్నితమైన చోటికి దగ్గరగా దిగితే అడుగు వేయడానికే జంకుతుంది. అప్పుడు ఆ గిట్ట తాకితే వేడిగా ఉంటుంది. నోటి సంగతి చాలమందికి తెలియదు. గుర్రానికి పైదవడ కిందిదానికంటె వెడల్పు. పండ్లు అరుగుతూ పెరుగుతూ ఉండడంవల్ల దవడపండ్ల అంచులు కత్తుల్లాగ వాడి తేలి బుగ్గలను కోస్తాయి. అందుకే ఏడాదికొకసారైనా నోరు చూపించి ఆకురాయి వేయిస్తారు. ఇక బరువు. జీనుతో సహా గుర్రం బరువులో అయిదవ వంతు మించరాదని తెలిసినవారి లెక్క. మూడువందల కిలోల పొట్టి గుర్రమైతే అరవై కిలోలన్నమాట. మా వరుడొక్కడే ఎనభై ఉంటాడు, వియ్యాలవారు ఏమనుకొన్నా సరే!

నొప్పి లేదని తేలితే భయం. గుర్రానికి చుట్టూరా దాదాపు అంతా కనబడుతుంది గాని, సరిగ్గా ముక్కు ముందరా తోక వెనుకా కొంత చోటు కనబడదు. వెనుకనుంచి కొట్టినవాడిని అది చూడలేదు. ముందరి టపాకాయకే ఆ దెబ్బను ముడిపెట్టుకొంటుంది. ఈ సంగతి 2,300 ఏండ్లకు ముందే గ్రీకు సేనాని జెనొఫన్ తన అశ్వశిక్షణ గ్రంథంలో వ్రాసినాడు. బెదిరిన వస్తువును మనమే తాకి చూపి, మెల్లగా దగ్గరకు నడిపించవలెనని ఆయన చెప్పిన ఉపాయం.

మూడవది ఎక్కినవాడి తప్పు. పగ్గం ఆగమంటున్నది, మడమ పొమ్మంటున్నది. ఏది వినవలెను? పగ్గం వదులు చేసి, పిక్కలతో మెత్తగా అదిమి, కదలకపోతే ఇంకొంచెం గట్టిగా అదిమి, ఒక్క అడుగు వేయగానే ఆపివేయవలెను. ఆ ఆపడమే గుర్రానికి బహుమానం. ఎడతెగకుండా పొడుస్తూ ఉంటే డొక్క మొద్దుబారి, రేపు అంతకంటె గట్టిగా పొడవవలసి వస్తుంది. బిగుసుకొని నిలిచినదాన్ని ముందుకు తోయక, తల ఒక పక్కకు తిప్పితే నిలదొక్కుకోవడానికైనా అడుగు వేస్తుంది, అక్కడినుంచి నడక వస్తుంది. సాల విడిచి రానని మొండికేసేదానికి ముందర మరొక గుర్రాన్ని నడిపితే చాలు.

ఇదంతా మనవారికి కొత్త విద్య కాదు. 13వ శతాబ్దం చివర పాండ్యదేశం వచ్చిన మార్కోపోలో, తామ్రపర్ణి సముద్రంలో కలిసేచోటి కాయల్ రేవులో అరబ్బు గుర్రాలు దిగడం వ్రాసినాడు. అన్నమూ మాంసమూ ఉడికించి పెట్టేవారట, పాలన తెలిసినవారు లేక అవి చచ్చేవట. తరువాతి కాలంలో కృష్ణదేవరాయలు, శివకాశి పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథ వ్రాస్తూ, ఆముక్తమాల్యద రాజనీతిలోనే గుర్రాల వర్తకులను ఆదరించమని చెప్పినాడు, లేకపోతే శత్రువుకు పోతాయని. మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో పెట్టినాడు. అటువంటి భాష మాట్లాడే మనం ఒక పొట్టి గుర్రం ముందు చెర్నాకోల తప్ప మరొకటి ఎరుగకపోతిమి. పుండు ఉన్న జంతువును పనిలో పెట్టడం 1960 చట్టం ప్రకారం నేరమని కూడ ఆ గుంపులో ఎవరికీ తోచలేదు.

ఆ రాత్రి మాట ముగిస్తాము. ముసలాయన పట్టీ విప్పి జీను తీసి గుర్రపువాడి భుజాన పెట్టినాడు. "టపాకాయలు మండపం దాకా వద్దు" అన్నాడు. కుర్రవాళ్ళకు ఇష్టం లేకపోయినా మానినారు. వరుడు నడిచినాడు. వధువు తండ్రిగారు ఎదురువచ్చి చేయి పట్టుకొన్నారు. ఆ పెద్దావిడ దగ్గరకు మేమే పోయి, పుండు సంగతి చెప్పి, "జాతకం మాట మళ్ళీ అనకండి అక్కయ్యా" అన్నాము. ఆమె కొంగు సవరించుకొని, "గుర్రానికి నీళ్ళు పెట్టినారా?" అన్నారు. అప్పటిదాకా ఎవరూ పెట్టలేదు. మండపం వాకిట రెండు బకెట్లు ఊపిరి తిప్పుకోకుండా తాగింది.