ఏడడుగులు నడిచాం సరే, మిగతా ఏడు రోజుల మాటేమిటి?

డిసెంబరు మొదటి వారం. ఎల్.బి.నగర్‌లో తెల్లవారుజామున నల్లా వచ్చే వేళకి చలి ఎముకలు కొరికేస్తుంటుంది. ఆ సోమవారం నేను బిందెలు పట్టుకుంటూ ఉంటే, నేను పెట్టిచ్చిన కాఫీ గ్లాసుతోనే మా వారు వెనక్కొచ్చి నిలబడ్డారు. "శుక్రవారం మన పెళ్లిరోజు. పదిహేనేళ్లు నిండుతున్నాయి. ఈసారి ఏం కావాలో నువ్వే అడుగు" అన్నారు.

"రోజుకి రెండు గంటలు కావాలండీ" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వేశారు. "చీర అడుగుతావనుకున్నాను. గంటలు ఏ షాపులో దొరుకుతాయి?"

నేనూ నవ్వాను గానీ, నవ్వులాటకి అన్న మాట కాదది. దసరాకి మొదలుపెట్టిన కథ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి ఉంది. అందులో ఒక తల్లి బస్టాండులో కూర్చుని ఉంది. రెండు నెలలుగా ఆవిడ అక్కడే కూర్చుని ఉంది, పాపం! ఆవిణ్ణి బస్సెక్కించడానికి నాకు తీరిక లేదు. మా చుట్టాలని అడిగితే మాత్రం, "దానికేం, ఇంట్లో ఖాళీయే కదా" అంటారు.

మంగళవారం సాయంత్రం చీర కొనడానికి బయల్దేరాను. ఆయన ఆఫీసు నుంచి నేరుగా దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో దిగుతానన్నారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చాక మాకు ఈ ప్రయాణం సులువైంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే మూడోదే దిల్‌సుఖ్‌నగర్. కింద రోడ్డు మీద బండ్లు, స్వెట్టర్లు పోసి అమ్మేవాళ్లు, మొక్కజొన్న కంకులు, జనం. ఇద్దరం కలిసి నడిచి, నాలుగు వేలు పెట్టి చీర తీసుకుని, వేడి వేడి మిర్చి బజ్జీలు తిని వచ్చాం. బాగుంది. కాదనను. కానీ ఇల్లు చేరగానే ఆయన కాళ్లు చాపుకుని టీవీ ముందు కూర్చున్నారు, నేను పప్పు రుబ్బడానికి వెళ్లాను.

బుధవారం ఫాల్, జాకెట్టు పని. అప్పుడే ఆయన ఫోనులో, "పెళ్లిరోజుకి అందరూ మా ఇంటికే రండి, రాత్రి భోజనాలు" అని వనస్థలిపురంలో ఉన్న మా ఆడబిడ్డని పిలిచేశారు. పదకొండు మంది. గురువారం సరూర్‌నగర్ రైతు బజారులో చిక్కుడుకాయలు, వంకాయలు, కొత్తిమీర. రెండు సంచులు మోసుకొచ్చేసరికి భుజాలు పడిపోయాయి.

ఇక శుక్రవారం. నాలుగింటికి లేచాను. పిల్లల బాక్సులు, ఆయన బాక్సు, మా అత్తమ్మ జొన్నరొట్టె అయ్యాక సాయంత్రం వంట మొదలు. పులిహోర, గారెలు, సేమ్యా పాయసం, రెండు కూరలు, పప్పుచారు. కేకు కోసే వేళకి కొత్త చీర కొంగు నడుముకి దోపుకుని పొయ్యి దగ్గరే ఉన్నాను. పిలిస్తే వెళ్లి ఫొటోకి నవ్వి మళ్లీ వచ్చాను. జాగ్రత్తగా చూస్తే ఆ ఫొటోలో నా మోచేతికి గారెల పిండి కనిపిస్తుంది. కింద ఆయన రాసిన మాట, "మా ఇంటి మహారాణికి శుభాకాంక్షలు". రాత్రి పదకొండింటికి ఆ మహారాణి చన్నీళ్లలో అంట్లు తోముతోంది.

ఇంతవరకూ నాకు కొత్తేమీ కాదు. ఏటా జరిగేదే. కానీ ఆ రాత్రి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, ఎవరూ పిలవకుండానే వచ్చి నా పక్కన నిలబడి కంచాలు తుడవడం మొదలుపెట్టింది. హాల్లో మా అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు. వాళ్ల నాన్న పిలవలేదు, నేనూ పిలవలేదు. ఆ పిల్ల చేతిలో తడిగుడ్డ చూస్తే నాకు గుండె కలుక్కుమంది. రేపు దీని కథ కూడా నాలుగో పేజీలోనే ఆగిపోతుందా?

ఇది మా ఒక్క ఇంటి గొడవైతే పత్రికకెక్కించేదాన్ని కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఒక సర్వే చేయించింది. ఎవరు రోజులో ఎంత సేపు ఏ పని చేస్తున్నారనే లెక్క అది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు, దానికే వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అదీ నూటికి 26 మంది మగవాళ్లే ఏ రోజైనా ఇంటి పనిలో చెయ్యి పెట్టేది! 2024లో మళ్లీ చేస్తే ఆడవాళ్లది 289 నిమిషాలైంది. సంతోషించబోయాను. పక్కనే చూస్తే మగవాళ్లది కూడా 88కి తగ్గింది.

మన పనికి విలువ ఉందని సుప్రీంకోర్టే చెప్పింది. 2014లో ఢిల్లీలో మోటారు సైకిలు మీద వెళ్తున్న భార్యాభర్తలు ప్రమాదంలో చనిపోయారు. ఆమె గృహిణి. పరిహారం లెక్కలో ఆమె పనికి వెల కట్టే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణులు పని చెయ్యరనుకోవడం పొరపాటని స్పష్టంగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో తమ ముఖ్యమైన పని ఇంటి పనేనని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లనీ, మగవాళ్లు 58 లక్షలేననీ గుర్తుచేశారు. చూశారా, మన పనికి కోర్టు వెల కట్టింది మనం పోయాక! బతికుండగా కట్టేవాళ్లు ఎవరు?

"ఆయన పొద్దున పోయి రాత్రి వస్తారు, సంపాదిస్తున్నారు. ఇంట్లో ఉండే నువ్వు చేస్తే తప్పేంటి?" అంటారు కొందరు. తప్పని నేననడం లేదు. కానీ ఆయనకి ఆదివారం ఉంది, పండగ సెలవు ఉంది, అరవై ఏళ్లకి రిటైర్‌మెంట్ ఉంది. నాకు పెళ్లిరోజు కూడా సెలవు లేదు, పైగా ఆ రోజు ఓవర్‌టైమ్! ఉద్యోగం చేసే మా పక్కింటావిడ సంగతి ఇంకా ఘోరం. ఆవిడ ఇంటికొచ్చాక రెండో డ్యూటీ ఎక్కుతుంది.

తప్పు పూర్తిగా మగవాళ్లదే అని కూడా అనను. ఆయన ఎప్పుడైనా వంటింట్లోకొస్తే, "మీరు చేస్తే ఆ గందరగోళం సర్దడం నాకే రెట్టింపు పని, వెళ్లండి" అని తరిమింది నేనే కదా! కొడుకుని పిలవనిదీ నేనే.

శనివారమంతా ఏమీ మాట్లాడలేదు. ఆదివారం పొద్దున ఆయనతో కోపం లేకుండానే అన్నాను. "మన పెళ్లిలో మొదటి అడుగు అన్నం కోసమని చెప్పి వేయించారు గుర్తుందా? ఏడడుగులూ అయ్యాక నన్ను స్నేహితురాలన్నారు. స్నేహితురాలు అంట్లు తోముతుంటే స్నేహితుడు ఫొటోలు పెట్టుకుంటాడా?" ఆయన చాలాసేపు ఊరుకుని, లేచి మావాణ్ణి పిలిచారు. తండ్రీ కొడుకులు ఉప్మా చేశారు. ఉండలు కట్టింది, ఉప్పెక్కువైంది. మా అత్తమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. ఆవిడ మాత్రం తిని, "మా కాలంల పెండ్లిరోజులు ఎవలికెరుక బిడ్డా! మీ మామ నాకు ఒక్కనాడన్న చాయ్ పెట్టియ్యలే" అంది. ఆ మాటలో ఉన్నది ఎగతాళి కాదు, యాభై ఏళ్ల దిగులు.

ఆ పూట నేను రెండు పేజీలు రాశాను. బస్టాండులో ఉన్నావిడ లేచి నిలబడింది.

అంతటితో అంతా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మర్నాడే ఆయన కాఫీ గ్లాసు ఎప్పటిలా దివాను కిందే దొరికింది. గుర్తుచేశాను. ఇప్పుడు రాత్రి అంట్లు ఆయనవి, అబ్బాయివి. ఆదివారం టిఫిను వాళ్లదే. దాన్ని 'సాయం' అనొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. సాయమంటే పని నాది, పుణ్యం వాళ్లదీ అవుతుంది. ఇల్లు ఇద్దరిదైతే పనిలోనూ ఎవరి వాటా వాళ్లదే.

ఈ చలికాలం మీలో ఎంతమందికి పెళ్లిరోజులున్నాయో! చీర వద్దనకండి, తీసుకోండి. కానీ కేకు కోశాక కొడుకుని కూడా వంటింట్లోకి పిలవండి. ఏమంటారు?