ఇంటి లెక్కలు: వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషను గురించి రాశాను. ఈసారి ట్రాక్టరు ట్రాలీ గురించి. ఈయనకు ట్రాలీతో పనేమిటని నవ్వకండి. చివరకు అదీ జమా ఖర్చుల దగ్గరికే వచ్చింది.

మా అక్కయ్యా బావగారూ సింధనూరు దగ్గర ఒక క్యాంపులో ఉంటారు. తుంగభద్ర కాలువల కింద సాగు చేసుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులనే అంటారు. కోతల రోజుల్లో రాత్రిళ్ళు ధాన్యం ట్రాలీని గోడౌను ముందుకు వెనక్కి నడపాలి. రెండేళ్ళ క్రితం అలా నడుపుతుంటే, చీకట్లో టార్పాలిన్ మీద నిద్రపోతున్న కూలీ ఒకాయన వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయంతో బావగారు ఒక మెకానిక్ కుర్రాడి చేత ట్రాలీ వెనక రెండు తెల్లలైట్లు పెట్టించారు. స్విచ్చి ట్రాక్టరు మీద.

దీపావళికి బాగానే వెలిగాయి. సంక్రాంతికి ట్రాలీకి రంగు వేయించారు. వేసవి కోతలకు చూస్తే, స్విచ్చి వేయగానే తెల్లలైట్లు వెలగవు, ఎర్రలైట్లు మినుకుమంటాయి! "కుర్రవాడు వైర్లు తారుమారు చేశాడు" అని బావగారు కూలిలో మూడు వందలు ఆపేశారు. సెలవులకు వెళ్ళిన నేనూ "పని సరిగా లేకపోతే ఎలా ఇస్తాం?" అని వంత పాడాను.

మర్నాడు ఆ కుర్రవాడే వచ్చాడు. డబ్బు అడగలేదు. "నోడ్తీని సార్" అని, రెండు వైర్లున్న చిన్న బల్బు ఒకటి తీశాడు. ట్రాక్టరు ఇంజను ఆపించి, చక్రాలకు రాళ్ళు పెట్టించాడు. స్విచ్చి వేయించి, బల్బు వైరు ఒకటి తెల్లలైటు కరెంటు వైరుకూ, రెండోది పొడవాటి వైరుతో బ్యాటరీ నెగెటివుకూ పెట్టాడు. బల్బు ధగధగా వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. రెండో కొస ట్రాలీ ఇనుముకు తాకించాడు. వెలగలేదు. అంటే వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళే దారి లేదు.

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. మా లెక్కల్లో ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉండాలి. దాని ఖాతా దొరక్కపోతే ఆ పద్దు సస్పెన్సు ఖాతాలో పడుతుంది. ఇక్కడా అంతే. ఎర్తు దొరకని కరెంటు ఎర్రలైట్ల ఫిలమెంట్ల గుండా ఎదురు తిరిగి, ట్రాక్టరు లైట్ల మీదుగా ఇల్లు చేరుతోంది. అందుకే అవి మినుకుమన్నాయి.

తప్పు ఎక్కడ? రంగు వేసినతను ఎర్తు వైరు విప్పి, బోల్టు చోటుకు కూడా రంగు పూసి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించాడు. రంగు కరెంటును పోనివ్వదు. ట్రాలీని తగిలించే పిన్ను వల్ల ఎర్రలైట్లు కుదుపుకొకసారి వెలిగి ఆరుతున్నా ఎవరం పట్టించుకోలేదు. పైగా తెల్లలైట్లు 21 వాట్లవి రెండు. 12 వోల్టుల మీద మూడున్నర యాంపియర్లు. అంత కరెంటుకు గ్రీజు పట్టిన పిన్ను దారి చాలదు.

కుర్రవాడు ఆ చోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషరుతో వైరు బిగించి, పైన గ్రీజు రాశాడు. సాకెట్లో ఎర్తు పిన్నుదాకా మందపాటి వైరు వేశాడు. స్విచ్చి వేస్తే గోడౌను గోడంతా తెల్లబడింది.

మీ ఇళ్ళల్లో ట్రాలీ ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఒక లైటుకు స్విచ్చి వేస్తే ఇంకో లైటు మినుకుమంటే, ముందు ఎర్తు చూడండి. ఆ వైరుకు అయిదు యాంపియర్ల ఫ్యూజు ఉంచండి. లైటు ఉన్నా సరే, వెనక్కి నడిపేటప్పుడు ఒక మనిషిని పక్కన నిలబెట్టండి.

బావగారు మూడు వందలూ లెక్కపెట్టి ఇచ్చారు. అక్కయ్య ఇంట్లో భోజనం పెట్టింది. "మాట అన్నది నేనూ, నన్నూ క్షమించు" అని నేను నాకు వచ్చిన కన్నడంలో చెప్పాను. ముప్ఫై ఏళ్ళు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టినవాణ్ణి. ఆధారం చూడకుండా ఒక కుర్రవాడి ఖాతాలో తప్పు రాసేశాను. ఆ పద్దు సరిచేసుకున్నాక గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.