కారు అద్దంలోంచి చూస్తే ఒంటపట్టదు

అక్టోబరు వచ్చిందంటే, అమెరికాలో పిల్లలున్న వాళ్ల వాట్సాప్ నిండా ఎర్రటి చెట్లే. అక్కడికి వెళ్లిన అమ్మానాన్నలు కూడా స్వెట్టరు, మఫ్లరు వేసుకుని ఆ చెట్ల ముందు నిలబడతారు. ఫొటో దిగి మళ్లీ కారెక్కేస్తారు.

మేమూ మొదట అదే చేశాం. వర్జీనియాలో మా అమ్మాయి వాళ్లింటి నుంచి గంటన్నర దూరంలో షెనెండోవా నేషనల్ పార్కు ఉంది. కొండల నెత్తిన 105 మైళ్ల పొడవున స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు. ఆరు చోట్ల ఆగాం, ఆరు చోట్లా ఫొటోలు తీసుకున్నాం. ఇంటికి చేరేసరికి నాకు నడుం పట్టేసింది, మావారికి పాదాలు వాచాయి. రోజంతా మేం చేసిన పని కూర్చోవడమే!

కొంచెం ఎక్కి చూద్దామంటే అమ్మాయి 'మీరు నడవలేరమ్మా' అంటుంది. మావారు 'మీరు వెళ్లిరండి, మేం కార్లో ఉంటాంలే' అంటారు. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమతోనే పెద్దవాళ్లను సోఫాకు అతికించేస్తున్నాం. ఇక్కడైతే పాలకనీ, కూరగాయలకనీ, గుడికనీ నాలుగడుగులు పడతాయి. అక్కడ ఏం కావాలన్నా కారే. మావారి షుగరు వెళ్లిన రెండు నెలలకే పెరిగింది. మోకాళ్లు అరిగాయని నడక మానేస్తే, వాటిని కాపాడే తొడ కండరాలు కూడా నీరసించిపోతాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్లిన మనుషులం, రెండు కిలోమీటర్ల బాటకు భయపడటమేమిటి?

మరుసటి వారం పట్టుబట్టి లింబర్‌లాస్ట్ అనే బాటకు వెళ్లాం. చక్రాల కుర్చీ కూడా వెళ్లేలా చదును చేసిన బాట, చుట్టూ తిరిగి వస్తే 1.3 మైళ్లు. అక్కడ తెలిసింది, కారులోంచి మేం చూసింది రంగు మాత్రమేనని. పండుటాకుల వాసన, కాలికింద గలగల, పైనుంచి ఒక్కో ఆకు తిరుగుతూ దిగడం... ఇవేవీ కిటికీలోంచి అందలేదు. పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ తగ్గిపోగానే అందాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుందని మా మనవరాలు చెప్పింది. ఎరుపు అలా కాదట, చాలా చెట్లు దాన్ని ఆ రోజుల్లోనే కొత్తగా తయారుచేసుకుంటాయట. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. వయసు మళ్లాక కూడా కొత్త రంగు తెచ్చుకోవచ్చన్నమాట అని మావారు నవ్వారు.

ఆ హుషారులో ఇంకోరోజు స్టోనీ మ్యాన్ శిఖరానికి బయల్దేరాం. వెళ్లి రావడానికి 1.6 మైళ్లు, ఎక్కుడు 100 మీటర్లకు కాస్త ఎక్కువ. పైదాకా బాగానే వెళ్లాం. దిగేటప్పుడు మావారు ఊరికే విసుక్కోవడం మొదలుపెట్టారు. అంత చలిలోనూ నుదుట చెమట, చేతుల్లో వణుకు. పొద్దున్నే బయల్దేరే తొందరలో షుగరు మాత్ర వేసుకుని, రెండిడ్లీలతో సరిపెట్టారు. నా సంచిలో ఉన్నది పులిహోర. నూనె, పల్లీలు ఉన్న తిండి షుగరును వెంటనే పైకి తేలేదు. మనవరాలి చేతిలోని జ్యూస్ ప్యాకెట్టే ఆదుకుంది. పావుగంటలో మనిషి తేరుకున్నారు.

'ఇంక నడకలు వద్దు' అని అమ్మాయి ఆ రాత్రే తేల్చేసింది. నాకు కోపం వచ్చింది. తప్పు నడకది కాదు, సిద్ధపడకుండా నడిచిన మాది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లకు మామూలుకన్నా ఎక్కువ నడిస్తే షుగరు పడిపోవచ్చు, కొన్ని గంటల తర్వాత కూడా. కొండకు వెళ్లేరోజు మందు ఎలా వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి, మోతాదు సొంతంగా మార్చుకోకూడదు. జేబులో గ్లూకోజ్ గానీ మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ ఉండాలి. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే ఇవ్వాలి. పావుగంటకు మళ్లీ షుగరు చూడాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు సరే అన్నాకే కొండ మాట ఎత్తాలి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి.

మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. చేతికర్ర, చిన్న అడుగులు, బాగా అలవాటైన బూట్లు కావాలి. వాన పడ్డాక రాలిన ఆకులు నాచులా జారతాయి, వాటి కింద రాళ్లూ వేళ్లూ కనబడవు. చలిలో దాహం తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగాలి. ఇంకో ముచ్చట, అందంగా ఎర్రబడ్డ తీగ కనిపించిందని కోసి తలలో పెట్టుకోబోయాను. మూడేసి ఆకులుండే ఆ తీగ పాయిజన్ ఐవీ అట, ముట్టుకుంటే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. లైమ్ జబ్బును మోసే పిడుదులు కూడా అక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో చురుగ్గా ఉంటాయి. ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి.

పిల్లలకూ ఒక మాట. అమ్మానాన్నలను మీ సరదా కోసం రాళ్లెక్కి పాకాల్సిన ఓల్డ్ ర్యాగ్ లాంటి చోటికి లాక్కెళ్లొద్దు. అలాగని కార్లో కూర్చోబెట్టి తాళం వేసుకునీ పోవద్దు. రెండు కిలోమీటర్ల బాట ఒకటి వెతకండి, వాళ్ల వేగంతో నడవండి. అంతకుముందు రెండు నెలలు రోజూ సాయంత్రం వీధి చివరిదాకా తిప్పండి.

మేం అక్టోబరు చివర్లో మళ్లీ స్టోనీ మ్యాన్ వెళ్లాం. ఈసారి ఇడ్లీలు నాలుగు. ఆకులు సగం రాలిపోయాయి గానీ, కొమ్మల మధ్య నుంచి లోయ ఇంకా బాగా కనిపించింది. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి. అదే రోజుల్లో మోదుగులు విరగబూస్తాయి. వచ్చే మాఘంలో నల్లమలలో ఎక్కడ నడవనిస్తారో అటవీశాఖ వాళ్లను కనుక్కోమని మావారు మా తమ్ముడికి అప్పుడే పురమాయించారు.