కొండసీమలో జంట శ్రమ

కోరాపుట్, రాయగడ కొండల్లో బతికిన విదేశీ మిషనరీ దంపతుల నిత్యజీవితమే ఈ సంచిక ప్రధానాంశం. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ వారు కోరాపుట్ చేరేనాటికి ఈ సీమ విశాఖపట్నం జిల్లాలోనిది. 1936లో ఒడిశాలో కలిసింది. మన సాలూరు కూడా వారి కేంద్రమే. ఆ మిషన్‌కు చెందిన షుల్జే, ఈ కొండల్లో మాట్లాడే కువి భాషకు రాసిన వ్యాకరణం 1911లో మద్రాసులో అచ్చయింది. రాయగడ జిల్లా బిసమ్‌కటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో ప్రారంభించిన ఆసుపత్రి నేటికీ రోగులను ఆదుకుంటోంది.

చరిత్రలో భర్తల పేర్లే ఎక్కువ. మలేరియా జ్వరాల మధ్య ఇల్లు నడుపుతూ, రోగులకు మందులిస్తూ, ఆడపిల్లలకు చదువు చెప్పిన భార్యల శ్రమకు దక్కిన చోటు తక్కువ. ఆ లోటు తీర్చడం మన బాధ్యత. మీ ఇళ్లలో ఆనాటి ఉత్తరాలు, ఫొటోలు ఉంటే మాకు పంపండి.