పిట్ట తాగే నీళ్ళు మీరు తాగగలరా?

కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్నం నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"డాక్టరుగారూ, మా ఇంట్లో ఏడాదిగా రెండు జతల లవ్ బర్డ్స్ ఉన్నాయి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా మామగారికి వాటితోనే కాలక్షేపం. పొద్దున్నే గింజల గిన్నె బయటికి తీసి, ఉఫ్ మని పొట్టు ఊదేసి, పైన ఇన్ని కొర్రలు పోస్తారు. నీళ్ళ గిన్నెలో కాసిని నీళ్ళు తిప్పి పారబోసి మళ్ళీ నింపుతారు. క్రిందటి నెలలో ఒక పిట్ట రెక్కలు ఉబ్బించుకుని, రెండు రోజులు మూల కూర్చుని చచ్చిపోయింది. తర్వాత పది రోజులకు మామగారికి జ్వరం, విపరీతమైన తలనొప్పి పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది కాని పొడిదగ్గు మాత్రం వదలలేదు. పిట్టలను ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఆయన అన్నం మానేస్తున్నారు. పిట్టలకూ, ఈ దగ్గుకూ సంబంధం ఉంటుందా? గిన్నెలు శుభ్రం చేసే పద్ధతి ఏమిటి?"

సంబంధం ఉండవచ్చు సోదరీ. ఉండే తీరుతుందని ఉత్తరం చూసి చెప్పడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. అందుచేత ముందు చేయవలసిన పని చెబుతాను, గిన్నెల సంగతి తర్వాత చూద్దాం. మామగారిని ఇవాళో రేపో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయిస్తారు. అక్కడ మరచిపోకుండా ఒక్క మాట చెప్పండి: "మా ఇంట్లో పిట్టలున్నాయి, ఈ మధ్య ఒకటి చచ్చిపోయింది" అని. ఈ మాట అడగందే ఎవరూ చెప్పరు. చెప్పకపోతే డాక్టరుకు తట్టకపోవచ్చు. చెబితే వైద్యమే మారిపోవచ్చు.

ఎందుకంటారా? పక్షుల నుంచి మనుషులకు వచ్చే సిట్టకోసిస్ అనే జ్వరం ఒకటి ఉంది. చిలకకు గ్రీకు భాషలో ఉన్న పేరును బట్టి దానికి ఆ పేరు వచ్చింది. పక్షి రెట్టలోనూ, ముక్కు చీమిడిలోనూ ఈ క్రిమి ఉంటుంది. రెట్ట ఎండి పొడి అయినా అది వారాల తరబడి చావదు. ఆ పొడి గాలిలో లేచి మన ఊపిరితో లోపలికి పోతే, సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో చలిజ్వరం, గట్టి తలనొప్పి, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు మొదలవుతాయి. ముదిరితే న్యుమోనియా అవుతుంది. మామూలు న్యుమోనియాకు వాడే పెన్సిలిన్ జాతి మందులు దీనికి సరిగా పనిచేయవు. డాక్సీసైక్లిన్ వంటివి చక్కగా పనిచేస్తాయి. పిట్టల సంగతి డాక్టరుకు చెప్పమన్నది ఇందుకే. అలాగని మందుల షాపుకు వెళ్ళి మీరే కొని వేయకండి సుమా!

ఈ జబ్బు కథ పాతదే. 1879లో స్విట్జర్లాండులో రిట్టర్ అనే వైద్యుడు ఒకే ఇంటిని అంటిపెట్టుకుని వచ్చిన న్యుమోనియాను పరిశీలించి, ఆ ఇంట్లోని పంజరాల పక్షులను అనుమానించాడు. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిలకల వల్ల అనేక దేశాల్లో ఈ జ్వరం వ్యాపించింది. 1930 జనవరిలో అమెరికా అధ్యక్షుడు హూవర్ చిలకల దిగుమతినే నిషేధించాడు. ఆ రోజుల్లో దీనికి మందు లేదు. ఇప్పుడుంది. పైగా ఇది తరచుగా వచ్చే జబ్బు కూడా కాదు. కాబట్టి పిట్టలున్న ప్రతి ఇల్లూ కంగారుపడనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఏ క్రిమీ లేకపోయినా, పిట్టల ఈకల నుంచీ రెట్ట నుంచీ లేచే ధూళి కొందరికి సరిపడదు. రోజూ పీల్చగా పీల్చగా ఊపిరితిత్తులు వాచి, పొడిదగ్గూ ఆయాసమూ మొదలవుతాయి. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే ఊపిరితిత్తులు గట్టిపడి, మళ్ళీ మామూలు స్థితికి రావు. మీ మామగారి దగ్గు ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు, రెండూ కాకపోవచ్చు. అది తేల్చవలసింది ఆయనను పరీక్షించిన డాక్టరే. ఈ రెండోది అని తేలితే మాత్రం పిట్టలను దూరంగా ఉంచడమే అసలు వైద్యం. ఆ మాట డాక్టరు చేతనే చెప్పించండి. కోడలు చెబితే కోపం వస్తుంది గాని, డాక్టరు చెబితే వింటారు.

ఊదడం మానండి

ఇప్పుడు గిన్నెల సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ "ఉఫ్". గిన్నెను ముఖం దగ్గర పెట్టుకుని ఊదితే పొట్టుతోపాటు ఎండిన రెట్ట, ఈకల ధూళి అన్నీ లేస్తాయి. ఊదిన మనిషి తర్వాత చేసే పని ఏమిటి? ఊపిరి పీల్చడం! లేచిన ధూళి అంతా లోపలికి వెళుతుంది. పిట్టలు పెంచే ఇళ్ళలో ఈ అలవాటు చాలామందికి ఉంటుంది. ఇవాళే మానిపించండి.

మరి పొట్టు ఎలా తీయాలి? గిన్నెలో ఉన్నదంతా మెల్లగా ఒక కాగితం మీదికి వంచి, మడిచి, చెత్తబుట్టలో వేయండి. నాలుగు గింజలు పోతే పోతాయి, కొర్రలు ఊపిరితిత్తులకన్నా ఖరీదైనవి కావు. మొదట్లోనే ఒక రోజుకు సరిపడా గింజలు కొలిచి పోస్తే ఆ వృథా కూడా ఉండదు.

ఈ సందర్భంలోనే ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. ఈ చిన్న పిట్టలు గింజను ఒలుచుకుని పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదులుతాయి. పైకి చూస్తే గిన్నె నిండుగానే కనిపిస్తుంది. "ఇంకా తిండి ఉందిగా" అని మనం ఊరుకుంటాం. నిజానికి అందులో ఉన్నది ఉత్త పొట్టే. నిండు గిన్నె ముందు పిట్ట ఆకలితో చచ్చిపోతుంది. పాత గింజల మీద కొత్తవి పోస్తూ పోతే అడుగున ఉన్నవి చెమ్మకు బూజు పడతాయి. ఆ బూజు పక్షి ఊపిరికి మహా చెడ్డది. అందుకే ముందు ఖాళీ చేయాలి, తర్వాతే నింపాలి.

జిగట ఎందుకు పడుతుంది?

నీళ్ళ గిన్నె లోపల వేలు పెట్టి రాసి చూడండి. జారుడుగా, జిగటగా తగులుతుంది. నీళ్ళలో పడిన గింజ ముక్కలను, రెట్టను తిని పెరిగిన క్రిములు గిన్నె గోడకు అంటుకుని, తమ చుట్టూ కట్టుకున్న కోట అది. ఉత్త నీళ్ళు తిప్పి పారబోస్తే ఆ కోట కదలదు. కొత్తగా పోసిన నీళ్ళు గంటల్లోనే మళ్ళీ పాడవుతాయి. దాన్ని రుద్ది వదిలించాలి, వేరే దారి లేదు. నీళ్ళలో చిటికెడు పసుపు వేస్తే చాలనుకునేవారు ఉన్నారు. పసుపు ఈ జిగటను వదిలించలేదు. విటమిను చుక్కలు కలిపిన నీళ్ళయితే మరీ త్వరగా పాడవుతాయి.

రోజూ చేయవలసినది

ఒక్కో పంజరానికి రెండు జతల గిన్నెలు కొనండి. ఒక జత పంజరంలో ఉంటే, రెండోది కడిగి ఎండలో ఆరుతూ ఉంటుంది. పని సగం తగ్గుతుంది.

పొద్దున గిన్నెలు తీశాక, రెట్ట అంటుకుని ఉంటే ముందు నీళ్ళతో తడపండి. ఎండినదాన్ని గోకకండి. తర్వాత సబ్బునీళ్ళతో, వీటికోసమే కేటాయించిన చిన్న బ్రష్షుతో అంచులు, మూలలు, అడుగు రుద్దండి. సబ్బు వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరడం కూడా శుభ్రంలో భాగమే. తడి గిన్నెలో గింజలు పోస్తే బూజును పిలిచినట్టే.

వంట గిన్నెలు తోమే సింకులో మాత్రం వీటిని కడగవద్దు. పక్షి రెట్టలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. అది అన్నం గిన్నెలకు, కూరలకు అంటితే ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు. పెరట్లో కుళాయి ఉంటే అక్కడ, ఫ్లాట్లలో ఉండేవారు వేరే బక్కెట్టు పెట్టుకుని కడిగి, ఆ నీళ్ళు మరుగుదొడ్డిలో పోయండి. పని అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి.

నీళ్ళు రోజుకు ఒకసారి, ఎండాకాలంలో రెండుసార్లు మార్చండి. మీరు తాగే నీళ్ళే వాటికీ పోయండి. ఆకుకూర, పండు ముక్కలు, నానబెట్టిన పెసలు, ఉడికిన గుడ్డు వంటివి పెడితే రెండు గంటల్లో తీసేయండి. మన ఎండలకు అవి అంతకన్నా నిలవవు. రాత్రి గింజలు కింద చిందకుండా చూడండి. గింజల వెంట ఎలుకలు వస్తాయి, వాటితో వాటి జబ్బులూ వస్తాయి.

వారానికి ఒకసారి

సబ్బుతో శుభ్రంగా తోమిన తర్వాత, లీటరు చల్లని నీళ్ళలో సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు, ఇంట్లో వాడే ద్రవరూపపు బ్లీచు కలిపి గిన్నెలను పది నిమిషాలు నానబెట్టండి. తర్వాత వాసన ఏ మాత్రం మిగలకుండా కడిగి ఎండలో ఆరబెట్టండి. ఇది ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే బలం పోతుంది. తోమకుండా నేరుగా బ్లీచులో వేస్తే లాభం లేదు. మురికి ఉన్నంతసేపూ బ్లీచు మురికి మీదే ఖర్చయిపోతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. బ్లీచును మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గాని, మరి ఏ ఇతర మందుతో గాని కలపకూడదు. విషవాయువు పుడుతుంది. రెండు, ఈ పని పిట్టలున్న గదిలో చేయకూడదు. పక్షి ఊపిరి మన ఊపిరికన్నా చాలా సున్నితం, ఘాటు వాసనకే ప్రాణం మీదికి వస్తుంది. ఫినాయిలు అసలే వద్దు.

ఎలాంటి గిన్నె? ఎక్కడ పెట్టాలి?

స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె అన్నిటికన్నా మంచిది. ప్లాస్టిక్కు మీద ముక్కుతో గీతలు పడతాయి, ఆ గీతల్లో జిగట చేరి ఎంత తోమినా పోదు. జింకు పూత పూసిన రేకు గిన్నెలను పిట్టలు కొరికితే విషమవుతుంది. గిన్నెను పిట్ట కూర్చునే పుల్లకు సరిగ్గా కింద పెట్టవద్దు. రెట్ట అందులోనే పడుతుంది. పక్కగా, కొంచెం ఎత్తులో తగిలించండి. ఈ చిన్న మార్పుతో సగం మురికి తగ్గుతుంది.

ఎవరు చేయకూడదు?

గర్భిణులు, అయిదేళ్ళలోపు పిల్లలు, బాగా పెద్దవారు, ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. పంజరం అడుగు కాగితం మార్చేవారు దాన్ని ముందు తడిపి, ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. కోవిడ్ రోజుల్లో కొన్నవి చాలా ఇళ్ళలో ఇంకా ఉండే ఉంటాయి. పిట్ట నోటికి నోరు ఆనించి గింజ అందించే ముద్దు ముచ్చట ఎవరికీ పనికిరాదు.

పిట్ట రెక్కలు ఉబ్బించుకుని కూర్చున్నా, తిండి మానేసినా, ముక్కు, కళ్ళు కారినా, ఆకుపచ్చని పలుచని రెట్ట వేసినా దాన్ని వేరే పంజరంలో పెట్టి పశువుల డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో మిగిలిన మూడింటినీ ఇప్పుడే చూపించండి. జబ్బు ఉందని తేలితే వాటికి దాదాపు 45 రోజులు మందు వాడవలసి రావచ్చు.

చివరగా అందరికీ ఒక మాట. మన ఊళ్ళలో లవ్ బర్డ్స్ పేరుతో ఎక్కువగా అమ్మేవి ఆస్ట్రేలియా జాతి బడ్జరిగార్ పిట్టలు. వాటిని పెంచుకోవచ్చు. మన రామచిలకను మాత్రం పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది చెట్టు మీద ఉంటేనే అందం.

సోదరీ, డాక్టరు పిట్టలు ఉండవచ్చునంటే మామగారి ముచ్చట తీసేయకండి. కడిగే పని ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు ఎవరైనా తీసుకోండి. వరండాలో గాలి తగిలేచోట పంజరం పెట్టి, ఆయన కుర్చీని కొంచెం దూరంగా వేయండి. ఆయనకు వేరే పని ఒకటి అప్పగించండి: రోజూ నీళ్ళ గిన్నె వంక చూసి, "ఈ నీళ్ళు నేను తాగగలనా?" అని ఆలోచించడం. "తాగలేను" అనిపించిన పూట మిమ్మల్ని కేకవేయడం. ఆయన వంటి పెద్దమనిషి తనిఖీ చేస్తూ ఉంటే, ఆ గిన్నె ఒక్కరోజు కూడా మురికిగా ఉండదు!